ఎరుపు ఎనభై ఒక్క శాతం

మా ఊళ్ళో యుద్ధం ఒక సోమవారం నాడు, రెండో పీరియడ్‌లో మొదలైంది. అప్పుడు లెక్కల క్లాసు జరుగుతోంది. ప్రధానోపాధ్యాయులు పున్నారావుగారు ఒక చేత్తో కొత్త ట్యాబూ, ఇంకో చేత్తో నాలుగు పేజీల సర్క్యులరూ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"పిల్లలూ, ప్రభుత్వం మనకి యుద్ధం పంపింది" అన్నారు.

మా ఊరు రేగడివరం. మిరప తోటలు తప్ప వేరే విశేషం లేని ఊరు. ఇంతకు ముందు ప్రభుత్వం మాకు పంపినవి దోమతెరలూ, చేతులు కడుక్కునే దినోత్సవమూ. యుద్ధం రావడం ఇదే మొదలు.

సర్క్యులర్ పంపినది సమర వార్తల డిజిటలీకరణ సంచాలక కార్యాలయం. పున్నారావుగారు దాన్ని ప్రార్థన చదివినట్టు చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, గతకాలమున యుద్ధ విలేఖరులు ప్రాణములకు తెగించి యుద్ధభూమికి వెళ్ళి, స్వయముగా చూచి, వార్తలు వ్రాయుచుండిరి. ఇందువలన ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చూచుట, ప్రజలు కలత చెందుట జరుగుచున్నది. కావున ఇకమీదట యుద్ధమును కళ్ళతో చూచుట రద్దు చేయడమైనది. యుద్ధము ఎక్కడ వచ్చునో ముందుగా తెలియదు గనుక, ప్రతి గ్రామమునందును ఒక డిజిటల్ సమర విలేఖరిని నియమించవలెను. అట్టి విలేఖరి ప్రతిదినము సాయంత్రము అయిదు గంటలలోగా రణదర్శిని యాప్‌నందు వార్త నమోదు చేయవలెను. నమోదు చేయనిచో ప్రధానోపాధ్యాయులపై చర్య తీసుకొనబడును."

చివరి వాక్యం ఆయన రెండుసార్లు చదివారు. ఆ తర్వాత అర్హతలు చదివారు. విలేఖరి హాజరు నూరు శాతం ఉండాలి. అక్షరదోషాలు ఉండకూడదు. వ్యక్తిగత అభిప్రాయాలు అసలు ఉండకూడదు.

క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆరో తరగతి నుంచి నేను ఏ విషయం మీదా ఏ అభిప్రాయమూ చెప్పలేదు. అడిగితే తల దించుకుంటాను. అదే నా ప్రధాన అర్హతగా పున్నారావుగారు రిజిస్టర్‌లో రాసుకున్నారు. నాకు ఇష్టం లేదని చెప్పాలనుకున్నాను. కానీ అది కూడా అభిప్రాయమే కదా. తల దించుకున్నాను. దాన్ని ఆయన ఒప్పుకోవడం కింద తీసుకున్నారు.

నా పక్కన కూర్చునే సలోమి మాత్రం, "ఒసే తులసీ, నువ్వు విలేఖరివా! నీ నోట్లోంచి మాట రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాల, ఇంక వార్తేం వచ్చిద్ది?" అని బెంచీ కింద నా కాలు తొక్కింది.

పదో తరగతి పరీక్షలకి అప్పటికి సరిగ్గా రెండు వారాలుంది. పరీక్షా కేంద్రం పదునాలుగు కిలోమీటర్ల దూరంలో, మండలంలో ఉన్న హైస్కూలు. మా ఊరికి ఒకే ఒక్క బస్సు. మా అక్క పదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల పరీక్ష రోజున ఆ బస్సు దారిలో ఆగిపోయింది. అక్క పరీక్ష తప్పింది. "తప్పిందిగా, ఇంక చాల్లే" అన్నాడు నాన్న. అప్పటి నుంచి అక్క మా కల్లంలో కూర్చుని ఎండుమిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. అన్నీ పాసైతే నన్ను ఇంటర్‌లో చేరుస్తానని నాన్న మాటిచ్చాడు. ఒక్కటి తప్పినా అక్క పక్కనే నాకూ ఒక పీట వేసి ఉంది. ఆ పీట నేను చూశాను.

కాబట్టి యుద్ధం పని త్వరగా ముగించుకుని చదువుకుందామనే అనుకున్నాను.

ఆ సాయంత్రం స్టాఫ్ రూములో పున్నారావుగారూ నేనూ ట్యాబు తెరిచాం. మొదటి గడిలో "పక్షం ఒకటి, పక్షం రెండు" అని ఉంది. ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వడం లేదు.

"మన ఊరి మధ్యలో మురుక్కాలవ ఉంది కదమ్మా. ఇటు తూర్పు బజారు అని రాయి, అటు పడమటి బజారు అని రాయి. కేవలం ఫారం నిమిత్తమే" అన్నారు ఆయన.

తర్వాతి గడి "ఈనాటి యుద్ధ తీవ్రత". దానికింద మూడే మాటలున్నాయి. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. "లేదు" అన్న మాట లేదు. పైకీ కిందకీ ఎంత జరిపినా లేదు.

"స్వల్పం పెట్టమ్మా. మరీ ఏమీ లేదంటే పైవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు" అన్నారు.

చివరగా ఒక ఫొటో తప్పనిసరి. నేను ఇంటికి పోతూ ఊరి వెనక మెరక మీద నిలబడి ఒక ఫొటో తీశాను. అక్కడ ఊరందరి కల్లాలూ పక్కపక్కనే ఉంటాయి. మార్చి నెల కదా, పది ఎకరాల మేర ఎండుమిరపకాయలు పరిచి ఉన్నాయి. చూడ్డానికి చాలా బాగుంటుంది. సరదాగా తీసి పంపాను.

అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"మీ చిత్రమునందు ఎరుపు ఎనభై ఒక్క శాతమున్నట్లు యంత్రము గుర్తించినది. ఇంతటి రక్తపాతమును 'స్వల్పం' అని పేర్కొన్న మీ సంయమనమునకు అభినందనలు. తీవ్రత 'అతి తీవ్రం'గా సవరించడమైనది."

మూడు మాటలే ఉన్నాయనుకున్నాను. నాలుగోది పైవాళ్ళ దగ్గర ఉందని అప్పుడు తెలిసింది.

* * *

గురువారం ఉదయం బస్సు రాలేదు. బదులుగా డ్రైవరు మస్తాన్ వలి మామ కాలవ వంతెన దగ్గర బస్సు దిగి అయిదు కిలోమీటర్లు నడిచి మా ఊరొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా మా ఊరికి బస్సు నడుపుతున్నాడు. వచ్చీ రాగానే మా నాయనమ్మ పేరమ్మ కల్లం దగ్గర కూలబడి చెంబెడు మంచినీళ్ళు తాగాడు.

"ఎంతమంది పోయారు పెద్దమ్మా?" అన్నాడు మెల్లగా.

"యాడికి పోయారు?"

"అదే, యుద్ధంలో. మా డిపోలో తెరమీద మీ ఊరు ఎర్రగా వెలిగిపోతంది. వంతెన కాడ పోలీసోళ్ళు కంచె ఏస్తన్నారు. బస్సు అవతలకి పోగూడదంట. లోపలోళ్ళు బయటికి రాగూడదంట."

"ఎవరికీ ఎవరికీ యుద్ధం?"

"తూర్పు బజారుకీ పడమటి బజారుకీ."

నాయనమ్మ మిరపకాయలు తిరగేసే చెక్కపార పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "పడమటి బజారోళ్ళతో మాట్లాడొద్దని మా అత్త చచ్చేదాకా చెప్పింది. ఇదా సంగతి! మరి ఎవురు గెలుత్తన్నారంట?"

నేను అక్కడే ఉన్నాను. ఆ ఫొటో తీసింది నేనేనని చెప్పాలి. నోరు తెరిచాను. మిరప ఘాటుకి దగ్గు వచ్చింది, అంతే.

కంచె దగ్గర నియమం చాలా స్పష్టంగా ఉంది. "వ్యక్తుల" రాకపోకలు నిషేధం అని రాశారు. మిరపకాయలు వ్యక్తులు కావు కనుక టిక్కీలు, అంటే కాయలు కుక్కిన బస్తాలు, వేసుకున్న లారీలు నిక్షేపంగా పోతూనే ఉన్నాయి. సలోమి ఈ కిటుకు కనిపెట్టి, శుక్రవారం పొద్దున ఒక లారీలో టిక్కీల మధ్య దాక్కుని పరీక్షా కేంద్రం దాకా పోవచ్చేమో చూసొస్తానంది. సరిగ్గా కంచె దగ్గర పదకొండుసార్లు తుమ్మింది. కానిస్టేబుల్ లారీ ఆపి, "ఈ బస్తా వ్యక్తిలాగా ఉందే" అని దించి వెనక్కి పంపించాడు.

ఇంక లాభం లేదని ఆ రోజు నేను వార్త గడిలో నిజం రాశాను. "ఇక్కడ యుద్ధం లేదు. ఫొటోలో ఉన్నవి ఎండుమిరపకాయలు." ఎక్కడా అక్షరదోషం లేకుండా రెండుసార్లు చూసుకున్నాను.

జవాబు వెంటనే వచ్చింది.

"పై వార్త శత్రుపక్ష దుష్ప్రచారముగా గుర్తించబడినది. 'ఎండుమిరపకాయలు' అను రహస్య సంకేతమునకు అర్థమేమిటో ఇరవై నాలుగు గంటలలోగా తెలియజేయవలెను."

పున్నారావుగారు అది చదివి కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ అక్కడ లేదు. నేను లేవదీశాను.

* * *

శనివారం నాడు వీడియో కాల్ ఏర్పాటు చేశారు. అవతల సంయుక్త సంచాలకులు చిదానందమూర్తిగారు. ఆయన వెనక గోడంత తెర. ఇవతల ట్యాబు ముందు పున్నారావుగారు, నేను, పిలవకుండానే వచ్చిన మా నాయనమ్మ.

"రేగడివరం బృందానికి నా హార్దిక శుభాకాంక్షలు" అన్నారు చిదానందమూర్తిగారు. "అంతర్జాతీయ పట్టికలో మీరు నేడు ప్రథమ స్థానంలో ఉన్నారు. మన శాఖ చరిత్రలో ఇది సువర్ణాక్షరాలతో లిఖించదగిన ఘట్టం."

"సార్, ఇక్కడ యుద్ధం ఏమీ..." అని పున్నారావుగారు మొదలుపెట్టారు.

"వినయం వద్దు."

నాయనమ్మ ట్యాబు తన వైపుకి తిప్పుకుంది. "అబ్బాయ్, ఇట్టా చూడు. నేను పేరమ్మని. నువ్వు ఎర్రగా చూసిందంతా నా మిరగాయలు. కావాలంటే ఒకసారి వచ్చి కళ్ళారా చూసుకుపో. అన్నం కూడా పెడతా."

ఆయన దయగా నవ్వారు. "అమ్మా, తమరి ఆవేదన అర్థమైంది. కానీ కళ్ళతో చూడడమనేది గత శతాబ్దపు దురలవాటు. కన్ను మోసపోతుంది. కంటికి అభిమానాలుంటాయి. యంత్రానికి ఉండవు. నేను ఈ శాఖకి వచ్చి నాలుగేళ్ళయింది. దేన్నీ చూడకుండా డెబ్భై ఆరు యుద్ధాలను ధ్రువీకరించాను."

"ఏమీ చూడకుండానా?" అంది నాయనమ్మ.

"దేన్నీ!" ఆయన గొంతులో గర్వం పలికింది.

వెనక తెర మీద పట్టిక కనిపిస్తోంది. మొదటి వరసలో రేగడివరం. నేను కిందికి చదువుకుంటూ పోయాను. అట్టడుగున, నాకు పలకడం కూడా రాని ఒక ఊరి పేరు ఉంది. దాని ఎదురుగా సున్నా ఉంది. ఆ పేరు నాకు తెలుసు. నెల కిందట మా బడికి వచ్చే పేపర్లో చిన్న అక్షరాల్లో చూశాను. సముద్రం అవతల ఎక్కడో ఉంది. అక్కడ ఆస్పత్రి మీద కూడా బాంబులు పడ్డాయని రాశారు.

నేను వేలితో ఆ పేరు చూపించాను. మాట రాలేదు కానీ వేలు వచ్చింది.

"ఓ, అదా?" అన్నారు చిదానందమూర్తిగారు వెనక్కి చూసి. "అక్కడ పోయిన నెలలో టవర్లు కూలిపోయాయి. నెట్ లేదు. నెట్ లేదు కనుక అప్‌లోడ్ లేదు. అప్‌లోడ్ లేదు కనుక యుద్ధం లేదు. చాలా ప్రశాంతమైన ప్రాంతంగా నమోదు చేశాం. పర్యాటక శాఖ వారు కూడా అడుగుతున్నారు."

నాయనమ్మకి ఆ ఊరేదో తెలియదు. అయినా, "అదేందయ్యా, అరిచే నోరు మూసుకుపోతే నొప్పి లేదని రాసుకుంటారా?" అంది.

"సరిగ్గా గ్రహించారు" అని ఆయన నోట్ చేసుకున్నారు. తర్వాత, మా సందేహాలన్నీ తీర్చడానికి ఒక డ్రోన్ పంపిస్తామని సెలవిచ్చి కాల్ ముగించారు.

* * *

సోమవారం పదింటికి డ్రోన్ వచ్చింది. ఆ వేళకి కల్లాల్లో పని జోరుగా జరుగుతోంది. ఘాటు తగలకుండా అందరూ ముక్కుకీ నోటికీ తువ్వాళ్ళూ, చీర చెంగులూ గట్టిగా కట్టుకుని కళ్ళు మాత్రమే కనిపించేట్టు ఉన్నారు. ఒక పక్క టిక్కీలు మనిషెత్తు గోడలా పేర్చి ఉన్నాయి.

డ్రోన్ ఆ దృశ్యమంతా చూసి ముచ్చటపడి కిందికి దిగింది. దాని రెక్కల గాలికి మిరపపొట్టు ఎర్రటి మేఘంలా లేచింది. నలభై మంది ఒక్కసారి దగ్గడం, కళ్ళు నులుముకోవడం, నాలుగు దిక్కులా పరిగెత్తడం మొదలుపెట్టారు.

"వామ్మో, నా కాయలు!" అని నాయనమ్మ కేక వేసింది. "ఈ తిరుగుడు దెయ్యాన్ని ఎవురు తోలారే ఇక్కడికి?" అంటూ కాయల మీద కప్పే పట్టా ఎత్తి దాని మీదికి విసిరింది. గింజలు తింటున్న కోడిని గంప కింద మూసినట్టు మూసేసింది. ఆ తర్వాత పట్టా కింద నుంచి అది కొంతసేపు గురగురలాడి ఊరుకుంది.

సాయంత్రానికి టీవీ చానళ్ళన్నిటిలోనూ మేమే. "ముసుగు దళాలు." "పటిష్ఠమైన బంకర్లు." "విషవాయు ప్రయోగం." "నేలకూలిన డ్రోన్: వృద్ధ కమాండర్ సాహసం." ఒక చానల్ స్టూడియోలో నేల మీద మా ఊరిని మొత్తం బొమ్మగా దింపారు. యాంకరమ్మ మా మురుక్కాలవ పక్కన నడుస్తూ దాన్ని "నది" అంది. పడమటి బజారు మీదికి అయిదు యుద్ధ ట్యాంకులు వస్తున్నట్టు చూపించారు.

మా ఇంట్లో ముప్పైమంది చేరి చూశారు. అందరూ మొదట నవ్వారు. ట్యాంకు తమ ఇంటి మీదుగా పోయినవాళ్ళు ఎక్కువ నవ్వారు. కానీ తూర్పు బజారు గెలుస్తోందని చెప్పగానే నవ్వు సగానికి తగ్గింది.

"అదెట్టా?" అన్నాడు పడమటి బజారు నాంచారయ్య తాత. "మా బజార్లో మొగోళ్ళు లేరా?"

"ఉంటే కనపడేవోళ్ళుగా బావా" అంది నాయనమ్మ. మాది తూర్పు బజారు.

మర్నాడు పడమటి బజారు నుంచి మా ఇంటికి తోడు మజ్జిగ రాలేదు. బుధవారం మురుక్కాలవ మీద వేసిన నాపరాయి ఎవరో పీకేశారు. గురువారం నాంచారయ్య తాత తన ఇంటి ముందు టిక్కీలు గోడలా పేర్పించాడు. ఎందుకు తాతా అని ఆ బజారు కుర్రాళ్ళు అడిగితే, "టీవీలో మన పక్క బంకర్లు తక్కువ కనపడుతన్నాయిరా" అన్నాడు. యాప్‌లో మాత్రం నేను రోజూ "స్వల్పం" అనే పెడుతున్నాను. నేను పెట్టిన మాటలన్నిటిలో నెమ్మదిగా నిజమవుతున్నది అదొక్కటే.

పున్నారావుగారు పరిస్థితి చేయి దాటుతోందని గ్రహించి ఒక ఉపాయం చెప్పారు. "ఎరుపు వల్ల కదమ్మా ఈ గొడవంతా. ఎరుపు లేని ఫొటో పెట్టు."

నాకు నచ్చింది. శుక్రవారానికి కాయలన్నీ టిక్కీలకెత్తి లారీలకి వేసేశారు. కల్లాలన్నీ ఊడ్చి శుభ్రంగా ఉన్నాయి. ఒక్క కాయ లేదు, ఒక్క మనిషి లేడు. నల్లటి ఖాళీ నేల, అంతే. ఆ ఫొటో తీసి పంపాను. పరీక్షలకి ఇంకా మూడు రోజులుంది. బస్సు వచ్చేస్తుందని సలోమికి కూడా చెప్పాను.

జవాబు ఈసారి నల్ల అంచుతో వచ్చింది.

"రేగడివరం గ్రామము సమూలముగా నేలమట్టమైనట్లు ధ్రువీకరించడమైనది. ప్రాణములతో ఎవరును మిగలలేదు. చివరి క్షణము వరకు వార్తలు పంపిన విలేఖరికి శాఖ తరఫున నివాళి. గమనిక: రేపటి వార్త కూడా సాయంత్రము అయిదు గంటలలోగా నమోదు చేయవలెను."

శనివారం పొద్దున మస్తాన్ వలి మామ ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మా డిపోలో మీ ఊరి బోర్డు పీకేశారు. లేని ఊరికి బస్సెందుకన్నారు. నేను రెండు నిమిషాలు మౌనం కూడా పాటించా, ఏం చేసేది, మేనేజరు ఎదురుగా ఉన్నాడు."

* * *

నాన్న కల్లం మూలన ఉన్న ఆ పీట దులిపి, ఎండలో పెట్టాడు. అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. "నేను ఏడ్చి ఊరుకున్నానే. నువ్వు ఊరుకోబాక" అంది.

నేను ట్యాబు తీసుకుని సలోమిని పిలుచుకొచ్చాను. ఇద్దరం అరుగు మీద కూర్చుని రణదర్శిని యాప్‌లో మేం ఇన్నాళ్ళూ తాకని గడులన్నీ ఒక్కొక్కటే తెరిచాం. సంధి కోసం వెతికాం. ఎక్కడా లేదు. శాంతి లేదు. విరమణ లేదు. యాప్ తయారు చేసినవాళ్ళకి ఆ అవసరం రాలేదు కాబోలు. కానీ అట్టడుగున "తరలింపులు" అని ఒక గడి ఉంది. నొక్కితే రెండు ఫారాలు వచ్చాయి. పదకొండో ఫారం, శరణార్థులను బయటికి తరలించుట. పన్నెండో ఫారం, బలగాలను యుద్ధభూమికి తరలించుట.

పదకొండో ఫారం నొక్కాను. శరణార్థుల సంఖ్య? మా క్లాసులో పదకొండు మందిమి. వాహనం? "శీతల బస్సు" అని ఉంది, అంటే ఏసీది. బయలుదేరు సమయం? ఎనిమిది గంటలు. శిబిరం? మండలంలో ఉన్న శిబిరాల జాబితా వచ్చింది. అందులో రెండోది ప్రభుత్వ ఉన్నత పాఠశాల.

"ఒసేయ్, మన పరీక్షా కేంద్రమే!" అంది సలోమి. నా భుజం మీద ఒక్కటి చరిచింది.

దాని కింద చిన్న గమనిక ఉంది. "పరీక్షల దృష్ట్యా ఈ శిబిరము మధ్యాహ్నము ఒంటిగంటకు మూసివేయబడును."

"మరి ఒంటిగంటకి మనం ఎట్టా రావాల?"

నేను పన్నెండో ఫారం నొక్కాను. బలగాల సంఖ్య, పదకొండు. ఆయుధాలు అన్న గడిలో సలోమి "పరీక్ష అట్టలు, జామెట్రీ బాక్సులు" అని కొట్టింది. యాప్ ఒప్పుకుంది.

అరగంటలో చిదానందమూర్తిగారే స్వయంగా పున్నారావుగారికి ఫోన్ చేశారు. ఆయన గొంతులో ఆనందం ఆగడం లేదు. నేలమట్టమైన ఊళ్ళో పదకొండు మంది ప్రాణాలతో బయటపడడమనే వార్త ఏ దేశం పట్టికలోనూ లేదట.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి తెల్లటి శీతల బస్సు మా ఊళ్ళోకి వచ్చింది. అద్దాల మీద తెరలున్నాయి. స్టీరింగ్ ముందు మస్తాన్ వలి మామ, కొత్త చొక్కాలో. "ఎక్కండెక్కండి. ఇరవై ఏళ్ళ నుంచి అర్జీలు పెడితే రాని బండి, ఊరు నాశనమైతే వచ్చింది" అన్నాడు.

మేం హాల్ టికెట్లు పట్టుకుని ఎక్కాం. నాంచారయ్య తాత మనవరాలు కూడా మాలో ఉంది. ఆమెను ఎక్కించడానికి ఆయన మురుక్కాలవ దాటి రావలసి వచ్చింది. నాపరాయి లేదు. పంచె పైకెత్తి మురుగులోంచే వచ్చాడు. "ఏం బావా, ఆక్రమణా?" అని నాయనమ్మ అడిగింది. "నీ మొహం! పిల్లకి పరీక్ష" అన్నాడు. ఆ రోజు సాయంత్రానికి రాయి మళ్ళీ దాని చోటికి వచ్చిందని తర్వాత విన్నాను.

పరీక్షా కేంద్రం గేటు దగ్గర చిదానందమూర్తిగారు రెండు కెమెరాలతో, దుప్పట్లతో, బిస్కెట్ పొట్లాలతో ఎదురొచ్చారు. సలోమి ముందు మైకు పెట్టారు.

"చెప్పండమ్మా, సర్వస్వం కోల్పోయిన ఈ క్షణంలో తమ మనసులో ఏముంది?"

"ఇయ్యాల తెలుగండీ. తరవాత హిందీ" అంది సలోమి.

ఆయన కెమెరా వైపు తిరిగి, "తీవ్ర దిగ్భ్రాంతిలో ఉన్నారు" అని మెల్లగా వివరించారు. తర్వాత చేతిలోని ట్యాబులో జాబితా చూసి ఆగిపోయారు. "ఇందులో నాగతులసి ఎవరు?"

నేను చెయ్యెత్తాను.

"తమరు విలేఖరి కదా! నివాళి కూడా ఘటించాం. విలేఖరి శరణార్థి ఎలా అవుతారు? పైగా తమరు మరణించినట్లు ధ్రువీకరణ ఉంది. నిబంధనల ప్రకారం లోపలికి పంపడానికి వీల్లేదు."

గేటు దగ్గర గంట కొట్టారు. తొమ్మిదింపావు అయింది. తొమ్మిదిన్నర తర్వాత ఎవరినీ లోపలికి రానివ్వరు. మిగిలిన తొమ్మిదిమందీ అప్పటికే లోపలికి పరిగెత్తారు. సలోమి మాత్రం గేటు పట్టుకుని నిలబడి, "చెప్పవే! చెప్పు!" అంటోంది. పీట గుర్తొచ్చింది. ఆ తర్వాత నా నోట్లోంచి, నా జీవితంలోకెల్లా పొడవైన మాట బయటికి వచ్చింది.

"నేను బతికున్నానని మీరు కళ్ళతో చూసి అనుకుంటున్నారు కదండీ? కళ్ళతో చూడడం రద్దయింది కదండీ? మీ చేతిలో స్క్రీన్ మీద శరణార్థుల్లో నా పేరుంది. స్క్రీన్ మీద ఉన్నదే నిజమైతే నన్ను లోపలికి పంపించాలండీ."

చిదానందమూర్తిగారు నన్ను చూశారు. ట్యాబు చూశారు. మళ్ళీ నన్ను చూడబోయి, తప్పు చేస్తున్నవాడిలా గబుక్కున చూపు తిప్పేసుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నాలుగేళ్ళలో ఈ శాఖ సిద్ధాంతాన్ని ఇంత చక్కగా అర్థం చేసుకున్నవారు నాకు తారసపడలేదు" అని గేటు తీయించారు.

పరీక్ష ఉన్న ప్రతి రోజూ మేం పొద్దున శరణార్థులుగా వెళ్ళి, మధ్యాహ్నం బలగాలుగా తిరిగొచ్చాం. శరణార్థులుగా ఉన్నప్పుడు బిస్కెట్లు ఇచ్చేవారు. బలగాలుగా ఉన్నప్పుడు కంచె దగ్గర కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టేవాడు. లెక్కల పరీక్ష నాడు సలోమికి రెండు లెక్కలు తప్పుపోయాయి. ఏడుస్తూ బస్సెక్కింది. "వెనక్కి తగ్గొద్దు సోదరీ" అన్నాడు కంచె దగ్గర కానిస్టేబుల్.

పదకొండు మందిమీ పాసయ్యాం. నాన్న ఆ పీట విరిచి పొయ్యిలో పెట్టాడు. నేను మండలంలో జూనియర్ కాలేజీలో చేరాను. నా పక్కన అక్క కూర్చుంటుంది. తప్పిన లెక్కలు మళ్ళీ కట్టి పాసైంది, ఆమెది కూడా మొదటి సంవత్సరమే.

శీతల బస్సు మాత్రం ఇంకా వస్తోంది. యుద్ధం ముగిసిందని చెప్పడానికి యాప్‌లో గడి లేదు కదా. ఒకసారి ఊరందరూ రెండు బజార్ల మధ్య కూర్చుని, యుద్ధం మానుకోవాలా వద్దా అని చర్చించారు. మానుకుంటే పాత బస్సు వస్తుందని మస్తాన్ వలి మామ చెప్పాడు. ఏకగ్రీవంగా కొనసాగించాలని తీర్మానించారు. నాంచారయ్య తాత, నాయనమ్మ ఇద్దరూ తీర్మానం మీద పక్కపక్కనే వేలిముద్రలు వేశారు.

పోయిన ఆదివారం మేం భోజనాలు చేస్తుండగా పక్క ఊరు గుడిమెట్లపాలెం నుంచి బ్రహ్మయ్యగారని ఒక పెద్దాయన వచ్చారు. చేతిలో అరటిపళ్ళ అత్తం ఉంది. నాన్నతో కాసేపు వానల గురించి మాట్లాడారు. తర్వాత గొంతు సవరించుకుని నా వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వేనంట కదా ఆ యాప్ చూసేది. మా ఊరికి తొమ్మిదేళ్ళుగా బస్సు లేదు తల్లీ. ఆడపిల్లలు ఏడో తరగతితో ఆపేత్తన్నారు. మాకు కూడా ఒక చిన్న యుద్ధం రాసి పెట్టగలవా?"

"ఎవరితోనండీ?" అన్నాను.

ఆయన బిడియంగా నవ్వి, అరటిపళ్ళు నా ముందుకి జరిపారు.

"మీకేం అభ్యంతరం లేకపోతే మీతోనే. దగ్గరి ఊరు, పోయి రావడానికి తేలికగా ఉంటది."